రావమ్మ కొన్న మెమరీ

పెడనలో రావమ్మ ఇంట్లో మగ్గం పక్కనే కంప్యూటర్ ఉండేది. మగ్గం మామగారి నాటిది. కంప్యూటర్ ఎవరో వాడి వదిలేసింది. కూతురు రాజ్యశ్రీ బందరులో కోర్సు చేసి వచ్చి, చీరల అంచులూ కొంగులూ దాని మీద గళ్ళు గళ్ళుగా గీసేది. అంచు వరకూ పని బాగానే సాగేది. కొంగు మొత్తం తెరిచేసరికి ఆ యంత్రం కొయ్యబారిపోయేది. మెమరీ చాలడం లేదనీ ఇంకొకటి వెయ్యాలనీ రాజ్యశ్రీ తేల్చింది.

ఆ సంగతి ఎలా పొక్కిందో గాని, పాండురంగయ్య వచ్చి వాలాడు. ఆయన రావమ్మ భర్తకు వరసకు అన్న. ఊళ్ళో సగం మగ్గాలకు నూలిచ్చి చీరలు తీసుకునే షావుకారు. కొడుకు దుర్గాశంకర్ చేత బెజవాడ నుంచి తెప్పించానంటూ చిన్న పెట్టె ఒకటి మంచం మీద పెట్టాడు. కింగ్‌స్టన్ మెమరీ అట. అంతకు మించిన కంపెనీ లేదట. డబ్బు మాటెత్తొద్దనీ, ఇంటి పిల్లకు ఆ మాత్రం చెయ్యలేనా అనీ అన్నాడు.

రాజ్యశ్రీ ముఖం విప్పారింది. రావమ్మకు మాత్రం ఒళ్ళు మండింది.

నేతపనిలో ఒక రివాజు ఉంది. నూలిచ్చినవాడిది చీర, నేసినవాడికి కూలి. ఆమె భర్త బతికుండగా రెండు చిలకలు ముక్కూ ముక్కూ ఆనించిన అంచు ఒకటి సొంత బుర్రతో కట్టాడు. నేసింది పాండురంగయ్య నూలుతో. దాంతో అది పాండురంగయ్య అంచు అయిపోయింది. భర్త పోయాక ఆమె అదే అంచు వేరేవాళ్ళకు నేసి ఇవ్వబోతే ఊళ్ళో పెద్దలంతా తప్పు పట్టారు. ఇప్పుడు ఈ మెమరీ కంప్యూటర్‌లోకి వెళితే రేపు రాజ్యశ్రీ గీసే కొంగు ఎవరిదవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"తీసుకెళ్ళండి బావగారూ. మీ నూలుతో పోయిన అంచు చాలు. మేం కొనుక్కుంటాం," అంది.

ఆయన నవ్వాడు. "నూలుకీ దీనికీ పోలికేంటమ్మాయ్? ఇది కంప్యూటర్ సామాను."

"సామాను మారింది. ఇచ్చేది మీరేగదండీ."

ఆయన నవ్వు ఆగిపోయింది. పేరూ ఊరూ లేని సరుకు వేస్తే ఆ డబ్బా తగలబడుతుందనీ, అప్పుడు తన గడప తొక్కక తప్పదనీ అన్నాడు. పెట్టె మంచం మీదే వదిలేసి వెళ్ళాడు.

బెజవాడ గవర్నర్‌పేటలో తౌఫీక్ అనే కుర్రాడి కంప్యూటర్ షాపు ఉంది. పాత మెమరీ వెంట తెస్తే దానికి జత కుదిరేది ఇస్తానని ఫోన్‌లో చెప్పాడు. రాజ్యశ్రీ దాన్ని ఊడదీసింది. విలువైన వస్తువు ఏదైనా పట్టులో చుట్టడం ఆ ఇంటి అలవాటు. రావమ్మ తన బట్టల పెట్టె అడుగునున్న పట్టుముక్క తీసి, మెమరీని అందులో భద్రంగా చుట్టి, బస్సులో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుంది. పొరపాటున జారిపోతుందేమోనని అరచేత్తో పైనుంచి రాస్తూనే ఉంది.

తౌఫీక్ ఆ మూట చూసి నెత్తి కొట్టుకున్నాడు. పట్టు రాసుకుంటే కరెంటు పుడుతుందట, ఆ కాస్త కరెంటుకే ఇలాంటివి చచ్చిపోతాయట. తన దగ్గరున్న యంత్రంలో పెట్టి చూశాడు. కీచుమని అరిచిందే తప్ప తెర వెలగలేదు. "పోయిందండీ అమ్మగారూ," అన్నాడు మెల్లగా.

ఇక ఇంట్లో కంప్యూటర్ అసలు లేవనే లేవదు. రాజ్యశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తౌఫీక్ రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి కింగ్‌స్టన్, జీవితకాలం గ్యారంటీ.

"ఎవరి జీవితం బాబూ? దానిదా, నాదా?"

తౌఫీక్ నవ్వేశాడు. రెండోది ఎవరూ వినని కంపెనీది, ఏడాది గ్యారంటీ. వీళ్ళు తెచ్చిన డబ్బుకు పెద్ద మెమరీ కావాలంటే అదొక్కటే వస్తుంది. తానైతే మొదటిదే తీసుకుంటానని అతను దాపరికం లేకుండా చెప్పాడు.

రాజ్యశ్రీ తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఇదే కింగ్‌స్టన్ ఇంట్లో మంచం మీద ఉంది. నీ పంతం కోసం నా పని పాడుచేస్తావా?"

ఆ మాట సూటిగా తగిలింది. పట్టులో చుట్టి చంపింది తనే. ఇది కూడా పాడైతే కూతురి ముందు ఏ ముఖం పెట్టుకోవాలో తెలియదు. అయినా చెప్పింది. "మీ నాన్న చిలకల అంచు ఇప్పుడు ఎవరి పేరు మీద అమ్ముతున్నారే? నీ కొంగు కూడా అలాగే పోవాలంటే చెప్పు, ఇప్పుడే వెనక్కి పోదాం."

రాజ్యశ్రీ తల్లి చెయ్యి వదిలింది. తర్వాత తనే రెండోది చూపించి, బిల్లు రాయమంది. తౌఫీక్ దాన్ని మెరిసే ప్లాస్టిక్ కవరులో పెట్టిచ్చాడు. ఈసారి రావమ్మ దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చి బిగించారు. తెర వెలిగింది. కొంగు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎక్కడా ఆగకుండా పరుచుకుంది. రావమ్మ ఒక్క నిమిషం చూసి, మంచం మీది పెట్టె తీసుకుని పాండురంగయ్య దుకాణానికి నడిచింది. నూలు కోసం వచ్చిన నేతగాళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అందరి ముందూ పెట్టె ఆయన గల్లాపెట్టె పక్కన పెట్టింది.

"ఏ కంపెనీది కొన్నావ్?" అన్నాడాయన.

"పేరు నాకూ నోరు తిరగదండీ."

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పాండురంగయ్య ఎర్రబడ్డాడు. "ఏడాది తిరక్కుండా పోతుంది, రాసిపెట్టుకో."

"పోతే పోనివ్వండి బావగారూ. పోయేది కూడా మాదే."

నేతగాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆమె మెట్లు దిగుతుంటే పాండురంగయ్య వెనక నుంచి పిలిచాడు. గొంతు తగ్గించి, ఆ కొంగు పూర్తయిందా, ఒకసారి పంపుతావా అని అడిగాడు.

రావమ్మ వెనక్కి తిరిగింది. "పంపడాల్లేవండీ. కావాలంటే ఇంటికి రండి. గీసింది రాజ్యశ్రీ, రేటు అదే చెబుతుంది."