వలలో బూడిదరంగు కొంగలు

మంజీర నీళ్లు వెనక్కి తగ్గి మనూర్ వైపు ఒడ్డంతా బురద తేలే రోజుల్లో ఫ్లెమింగోలు దిగుతాయి. గౌసియా తుమ్మచెట్టు వెనక కూర్చుని వాటినే చూస్తుంటుంది. గులాబీ రంగువాటిని ముట్టనని వేటకెళ్లే అన్న జావేద్ ఆమెకు మాటిచ్చాడు. ఆ నమ్మకంతోనే ఆ పొద్దున కూడా వచ్చింది.

వచ్చేసరికి వల నీళ్లలో ఎగిరెగిరి పడుతోంది. జావేద్ కట్టెతో పక్షుల కాళ్ల మీద కొడుతున్నాడు. ఎండిన కందికట్టెలు విరిగినట్టు చప్పుడు. అతని వేట జతగాడు కిష్టప్ప వల అంచును తొక్కిపట్టి ఉన్నాడు.

"భయ్యా, ఇడిసిపెట్టు! మాటిచ్చినవ్ గదా!"

"కండ్లు తెరిసి చూడు. గివి గులాబీయి గావు. ఉత్త బూడిద కొంగలు."

"కొంగల ముక్కు గట్ల నడుమల వంగుతదా? గవి గులాబీవాటి పిల్లలే. ఇంకా రంగు రాలె."

కిష్టప్ప పకపకా నవ్వాడు. "ఏం గౌసియమ్మా, కొంగలకు గూడ బర్త్ సర్టిఫికెట్లు రాస్తున్నవా?"

"పిల్లలైతే కూర మెత్తగుంటది," అంటూ జావేద్ బిస్మిల్లా చెప్పి ఒకదాని మెడ కోశాడు. రక్తం గౌసియా చున్నీ మీద చిమ్మింది.

ఆమె వల మీద పడింది. జావేద్ ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. కట్టె వీపు మీద పడింది, మళ్లీ పడింది. ఆమె అతని మణికట్టును నోట్లోకి రక్తం వచ్చేదాకా కొరికింది. జారిన కత్తి అందుకుని వల తాళ్లు తెగ్గోసింది. కత్తి తన వైపు రావడంతో కిష్టప్ప కాలు తీసేశాడు. పక్షులు నీళ్ల మీద పరుగెత్తి పైకి లేచాయి.

ఒకటి లేవలేదు. దాని రెండు కాళ్లూ విరిగాయి.

"జల్దీ కొయ్యి," మణికట్టు పట్టుకుని అరిచాడు జావేద్. "ఊకెనే సస్తే హరాం అయితది, తినరాదు. బిస్మిల్లా అను!"

పక్షి ఆమె ఒళ్లో కొట్టుకుంటోంది. నిలబడలేనిది బతకదని ఆమెకు తెలుసు. పెదాలు బిగబట్టి, బిస్మిల్లా అనకుండా, మెడ మీద కత్తి దించింది.

"నాకు నడుస్తదిలే," అని కిష్టప్ప చెయ్యి చాపాడు.

గౌసియా కత్తి అతని వైపు తిప్పింది. "రా, తీస్కో."

అతను రాలేదు. జావేద్ తాను కోసినదాన్ని భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా ఒడ్డెక్కాడు.

చనిపోయిన పక్షిని బురదలో పూడ్చాక కూడా ఆమె అక్కడే కూర్చుంది. అవతలి లోతులేని నీళ్లలో బూడిద పిల్లలు గులాబీ గుంపు మధ్య దిగాయి. ఒకటి కుంటుతోంది. అది తల కిందికి వంచి ముక్కు నీళ్లలో పెట్టి మేసేదాకా ఆమె కత్తి వదల్లేదు.