మెత్తటి ట్రిగ్గర్

నార్వెల్ స్టెన్‌రుడ్‌కి ఉన్న రివాల్వర్ల పిచ్చి అలాంటిలాంటిది కాదు. పెద్ద గుండు పేల్చాలి, నడుముకి కట్టుకుంటే ఉన్నట్టే తెలియకూడదు. ఈ రెండూ ఒకచోట కుదరవని తెలిసినవాళ్లు ఊరుకుంటారు. అతను ఊరుకోడు. తేలిక లోహంతో చేసినవి ఎక్కడ అమ్మకానికి వచ్చినా కొని తెచ్చి, షెడ్డులో బల్ల ముందు కూర్చుని, అంచులు అరగదీసి, చెక్క పిడి తీసి రబ్బరుది బిగించి, చివరికి ట్రిగ్గర్ని వెన్నముద్దలా మెత్తబరిచేవాడు. ఎలుగుబంట్లు తిరిగే కీనై నది పక్కన ఆ ఊళ్లో మగాళ్లు కలిస్తే ఒకరి రివాల్వర్ ఒకరు అందుకుని, ఖాళీదో కాదో చూసుకుని, ట్రిగ్గర్ నొక్కి చూడటం ఆనవాయితీ. నార్వెల్ చేతిలో పడ్డవాటిని నొక్కినవాడెవడూ "అబ్బ!" అనకుండా తిరిగివ్వలేదు. ఆ మెప్పు కోసమే బతికేవాడంటే పెద్ద అబద్ధం కాదు.

ఆ వేసవిలో అన్నిటికంటే మెత్తనిది భార్య వెర్నా కోసం చేశాడు. ఆమెకి వేళ్ల కీళ్లు వాచిపోయి గట్టి ట్రిగ్గర్ లాగలేకపోతోంది. సాల్మన్ చేపలు ఎదురెక్కే రోజుల్లో ఎలుగుబంట్లు వాగులోనే కాపురం పెడతాయి. ఆమె గాలం మానమంటే మానదు. అందుకే స్ప్రింగు మార్చి, ఇంకాస్త మెత్తబరిచి, తను ఇంట్లో నింపుకున్న తూటాలతో పేల్చి చూసుకుని మరీ ఇచ్చాడు.

ఆ పొద్దున పక్కింటి డ్యూయీ కాఫీకి వచ్చాడు.

"మీ ఆవిడ వాగుకెళ్లిందా?"

"ఎప్పుడో వెళ్లింది. ఆగమంటే ఆగుతుందా!"

"నేనిచ్చిన తూటాలు వేసుకుందో లేదో. మీ ఆయన చేసే ఇంటి సరుకు ఎందుకమ్మా, ఇవి కంపెనీవి, ఎలుగుని ఎత్తి కుదేస్తాయి అని నిన్న ఒక పెట్టె ఇచ్చాలే. నా ఎదురుగానే నింపుకుంది."

నార్వెల్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ల ఉంటుంది. రివాల్వర్ వెనకుండే సుత్తి దాన్ని గట్టిగా కొడితేనే పేలుతుంది. స్ప్రింగు మెత్తబడితే సుత్తి దెబ్బా మెత్తబడుతుంది. అతను ఆ సంగతి తెలిసే తన తూటాలకి మెత్తటి బిళ్లలు వాడేవాడు. వేరేవాళ్ల తూటా ఇంట్లోకి వస్తుందని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

"అవి ఇంకా ఉన్నాయా నీ దగ్గర?"

డ్యూయీ జేబులోంచి గుప్పెడు తీశాడు. నార్వెల్ అదే స్ప్రింగు వేసిన ఇంకో రివాల్వర్లో నింపి, షెడ్డు వెనక మట్టిగట్టు మీదకి గురిపెట్టి నొక్కాడు. టిక్. మళ్లీ నొక్కాడు. టిక్.

"ఇదేంట్రా, చచ్చిందా?" అన్నాడు డ్యూయీ.

నార్వెల్ వాటిని తీసి కింద పారేశాడు. అందులో తన తూటాలు మార్చుకుని ట్రక్కు ఎక్కాడు. వాగు దగ్గర ఫోను పలకదు. దారి పొడుగునా ఆమె పేరే గొణుక్కున్నాడు.

ట్రక్కు దిగి పొదల్లో పడి పరిగెడుతుంటే వెర్నా గొంతు వినిపించింది. నింపాదిగా, పెరట్లోకొచ్చిన గొడ్డుని అదిలిస్తున్నట్టుంది.

"చూడు నాయనా, ఈ చేపలు నావి. నీకు వాగంతా ఉంది కదా. పో. నాచేత పాపం చేయించకు."

కంకర ఒడ్డున రెండు చేతులతో రివాల్వర్ పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి ఎదురుగా నీళ్లలో గోధుమరంగు ఎలుగు, పళ్లు టకటకలాడిస్తోంది. నార్వెల్ పేల్చడానికి లేదు, మధ్యలో ఆమె ఉంది. అరవబోయి నోరు మూసుకున్నాడు. ఏమని అరవాలి? అది పేలదని చెబితే ఆమె పరిగెడుతుంది. పరిగెత్తినవాళ్లని ఎలుగు వదలదు. ఆ కాళ్లని అక్కడ నిలబెడుతున్నది చేతిలో ఉన్నదాని మీద నమ్మకమే.

ఎలుగు ఇంకో అడుగు వేసింది. వెర్నా వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. కాస్త బిగిస్తే చాలు టిక్ మంటుంది, ఆమెకి తెలిసిపోతుంది. అంత మెత్తగా చేసింది తనే. అది రాయిలా బిగుసుకుపోవాలని జన్మలో మొదటిసారి కోరుకున్నాడు.

ఎలుగు బుస్సుమని, కాళ్ల దగ్గరికి కొట్టుకొచ్చిన చచ్చిన చేపని నోట కరుచుకుని, అవతలి ఒడ్డు ఎక్కిపోయింది.

"ఎప్పుడొచ్చావు?" వెనక్కి తిరిగి అడిగింది వెర్నా. "పలకవేం?"

చెప్పాడు. దాచకుండా అంతా చెప్పాడు. ఆమె రివాల్వర్ ఎత్తింది. కంకర గట్టు మీదకి గురిపెట్టి లాగింది. టిక్. ఇంకోసారి. టిక్. ఆ తర్వాతది పేలి వాగంతా మోగింది.

"తెలిసే నోరు మూసుకున్నావా?"

"చెబితే పరిగెడతావని..."

"పరిగెత్తేదాన్నే." ఆమె అక్కడే కూలబడింది. "పాత స్ప్రింగు వేసెయ్."

"వేస్తే నువ్వు లాగలేవు వెర్నా."

"లాగలేనని తెలిస్తే ఈ వాగుకే రాను. అది నేను తేల్చుకోవాల్సింది ముసలాడా. నువ్వు మెత్తగా చేసి, అంతా బాగుందని నా చేతిలో పెట్టావు."

అతను పక్కన కూర్చుని రివాల్వర్ తీసుకున్నాడు. మిగిలిన తూటాలు తీసేద్దామంటే వేళ్లు ఆడలేదు. చివరికి ఆమే లాక్కుని, వాచిన వేళ్లతో ఒక్కొక్కటే తీసి అతని దోసిట్లో పోసింది.