తరుగు తీయని తూకం

మొక్కుకున్ననాటి బరువు ఇవ్వాలా, తీర్చేనాటి బరువు ఇవ్వాలా? యలమందయ్యకు మీసాలు వచ్చినప్పటి నుంచీ ఉన్న అనుమానం ఇది. నెలలు నిండకుండా పుట్టి, కేజీన్నర కూడా తూగని తన బిడ్డ బతికితే వాడి ఎత్తు బెల్లం ఇస్తానని తల్లి కోటేశ్వరమ్మ ఊళ్లో వేణుగోపాలస్వామికి మొక్కుకుంది. పసుపుగుడ్డలో పావలా బిళ్ల పెట్టి ముడుపు కట్టింది. బిడ్డ బతికాడు. ఆ ఏడు మిరపకు తెగులు పట్టింది. మరుసటి ఏడు వానలు లేవు. ఆ పై ఏడు అతని తండ్రి పోయాడు. ముడుపు దేవుడి గూట్లోనే ఉండిపోయింది. బిడ్డ మాత్రం ఆగకుండా పెరిగి, యాభైనాలుగేళ్లకు నూటపన్నెండు కేజీలయ్యాడు.

ఆ ఉదయం గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, తూస్తూ కూడా అతను అదే ఆలోచిస్తున్నాడు. కమిషన్ కొట్టులో అతను కాటా గుమాస్తా. ముఠా కూలీ బుడాన్ మిరపకాయల బస్తాను ఎత్తి కాటా మీద పెడతాడు. ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడతాయి. యలమందయ్య ఆ అంకె చూసి, గోతం తాలూకు తరుగు మనసులోనే తీసేసి, మిగిలింది పుస్తకంలో రాస్తాడు. ముప్ఫై ఏళ్లుగా అదే పని. అంకె కంట్లో పడేసరికి చెయ్యి తనంతట తనే తరుగు తీసేస్తుంది.

మిరప కోరు ఘాటుకి అలవాటు పడిన ముక్కు, కొట్టు అరుగు మీద ఒరుసుకుని నల్లబడిన మోచేతులు, చొక్కా గుండీల మధ్య తెరుచుకుని కనిపించే బనియన్, కూర్చుంటే కిర్రుమనే ప్లాస్టిక్ కుర్చీ. యార్డులో అందరికీ తెలిసిన యలమందయ్య అంతే. ఆ కుర్చీ కింద ఇంకో కుర్చీ దూర్చి రెండూ కలిపి వేస్తారు, ఒక్కటైతే ఆగదని. ఎవరూ నవ్వరు, అలవాటైపోయింది. అతనికే అలవాటు కాలేదు.

బెల్లం కొనే స్తోమత వచ్చి ఇరవయ్యేళ్లయింది. అప్పటికి సిగ్గు అడ్డం వచ్చింది. ఊరంతా చూస్తుండగా త్రాసు తట్టలో తను కూర్చోవడం, అవతలి తట్టలో దిమ్మ మీద దిమ్మ పేర్చడం, అయినా తను పైకి లేవకపోవడం, ఆ దృశ్యం తలుచుకుంటేనే చెమట పట్టేది. తగ్గాక తూగుదామని వాయిదా వేశాడు. అన్నం మానేశాడు, జొన్నరొట్టె తిన్నాడు, తెల్లవారుజామున నడిచాడు. తగ్గిందంతా రెండు నెలల్లో తిరిగి వచ్చేది.

పోయిన ఏడాది దీపావళి దాటాక భార్య కోటిరత్నం ఫోన్లో డాక్టరును చూపించింది. ఆసుపత్రికి పోతే పదిమందిలో కాటా ఎక్కిస్తారని అతను పోడు. ఇదైతే ఇంట్లో కూర్చుని మాట్లాడవచ్చు. విజయవాడ నుంచి మాట్లాడిన డాక్టరు మహతి గారు, ముప్ఫై ఏళ్ల పిల్ల, గంటసేపు ప్రశ్నలడిగింది. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ గడ్డలున్నాయా, పిత్తాశయంలో రాళ్లున్నాయా, క్లోమం వాచిందా. ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయారు. ఆ తర్వాతే మందు రాసింది. వారానికి ఒక్కసారి పొట్ట మీద పొడుచుకునే ఇంజెక్షన్ పెన్ను అది. సోమవారం సోమవారం. దాన్ని ఫ్రిజ్‌లో కరివేపాకు పక్కన పెట్టాడు. కోటేశ్వరమ్మ అది చూసి, కలాన్ని చల్లబెట్టి రాస్తే అప్పుల పద్దులు తగ్గుతాయేమో అనుకున్నానంది.

మొదటి రెండు వారాలు కడుపులో తిప్పింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పప్పు, పచ్చడి, పెరుగు ఉన్న క్యారేజీలో సగం మిగిలిపోయింది. అతను ఆ మిగులు వంక చాలాసేపు చూశాడు. తన జీవితంలో క్యారేజీ అడుగు కనబడకుండా మూత పెట్టడం అదే మొదటిసారి. మిగిలిన సగం బుడాన్ తిన్నాడు. అప్పటి నుంచి రోజూ బుడానే తింటున్నాడు.

"నువ్వు తగ్గేదేదో నాకొస్తోందయ్యా," అన్నాడు బుడాన్ ఈ పొద్దున పొట్ట తడుముకుంటూ.

ఇవాళ డాక్టరుతో నాలుగోసారి మాట్లాడాలి. పన్నెండున్నరకు టిక్కీల వెనక నీడలో కుర్చీలు లాక్కుని కూర్చుని ఫోన్ ముందు పెట్టుకున్నాడు. ఉదయం తను కాటా ఎక్కితే బుడాన్ చూసి అంకె గట్టిగా చదివాడు, నూటరెండు. డాక్టరు తెర మీద ప్రత్యక్షమైంది. అతని వెనక కూలీల తుమ్ములు వరసగా వినబడి జలుబు చేసిందా అని అడిగింది. ఇది గుంటూరు జలుబండీ, మందుకు పోదు అన్నాడు.

అంకె చెప్పేసరికి ఆమె ముఖం మారింది. పోయిన నెల నూటమూడు, ఈ నెల నూటరెండు. ఒక్క కేజీయే తగ్గింది, మోతాదు పెంచాలేమో అంది. పెంచితే మళ్లీ కడుపులో తిప్పుతుందని ఆమే హెచ్చరించింది.

యలమందయ్యకు ఏమీ అర్థం కాలేదు. పంచె ముడి జారి పడుతోందే, కుర్చీలు రెండూ కిర్రుమనడం మానేశాయే, ఒక్క కేజీయేనా? జేబులోంచి కాగితం తీసి తన చేతిరాత చూసుకున్నాడు. నూటపది, నూటఆరు, నూటమూడు. మొదటిరోజు కాటా మీద తను చూసిన అంకె నూటపన్నెండు. కాగితం మీద నూటపది ఉంది.

అప్పుడు తట్టింది. ఇన్ని నెలలూ తెల్లవారుజామున ఒక్కడే కాటా ఎక్కి, కింద వెలిగే అంకె చూసి, కాగితం మీద పెట్టేటప్పుడు చెయ్యి తన మానాన తను రెండు కేజీల తరుగు తీసేసింది. ఇవాళ బుడాన్ చదివాడు కాబట్టి తరుగు లేదు. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పెంచిన మోతాదు పోయేది తన ఒంట్లోకే.

"అమ్మా, తప్పు నాదండీ," అని మొత్తం చెప్పాడు.

డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. "మీరు గోతం కాదండీ యలమందయ్యగారూ. మిమ్మల్ని మీరే తరుగు తీసేసుకుంటే ఎలాగండీ?"

అతనికీ నవ్వొచ్చింది. మూడు కేజీలు తగ్గితే బాగానే పనిచేస్తున్నట్టని, అదే మోతాదు ఉంచుదామని ఆమె చెప్పింది. ఎంతకు తగ్గాలనుకుంటున్నారని అడిగింది. తొంభైకి, అన్నాడు. ఎందుకని అడిగితే మొక్కు సంగతి, తట్ట సంగతి, సిగ్గు సంగతి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అమ్మకు ఎన్నేళ్లని ఆమె అడిగింది. డెబ్భైతొమ్మిది, రెండుపూటలా కలిపి గుప్పెడు తింటుంది, అన్నాడు.

"తగ్గడం నెమ్మదిగా జరుగుతుందండీ. ఇంకో ఏడాది పట్టొచ్చు. మందుకు తొందర లేదు. మీ అమ్మగారికి ఉందేమో చూసుకోండి," అంది.

ఫోన్ పెట్టేశాడు. నాలుగు రోజుల కిందట కోటేశ్వరమ్మ మంచం మీద కూర్చుని అడిగిన మాట గుర్తొచ్చింది. నేనుండగా తూగుతావా, పోయాక తూగుతావా? తొంభైకి దిగనీ అమ్మా అన్నాడు తను. అంటే, తల్లికి మిగిలిన రోజుల్లో కూడా తరుగు తీశాడన్నమాట.

లేచాడు. "బుడానూ, పాత త్రాసు గోడౌన్లో ఉందా?"

తర్వాతంతా పరుగే. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక మూలపడిన పెద్ద త్రాసును ఇద్దరూ దులిపారు. యజమానిని అడిగితే, గుడికే ఉంచెయ్యి, ఇక్కడ తుప్పు పడుతోందన్నాడు. అమ్మనూ ముడుపునూ గుడికి తీసుకురమ్మని కోటిరత్నానికి ఫోన్ చేశాడు. పది కేజీల బెల్లం దిమ్మలు పది, పైన ఐదు కేజీలకు చిన్న అచ్చులు కొన్నాడు. ట్రాలీ ఆటోలో త్రాసు, బెల్లం, బుడాన్, వాటి మధ్య గాలికి చొక్కా ఎగురుతూ యలమందయ్య. ప్రత్తిపాడు రోడ్డు పొడుగునా కల్లాల్లో ఎర్రగా ఎండుతున్న కాయలు. చిన్నప్పుడు తిరునాళ్లకు బండెక్కి పోయినట్టుంది అతనికి.

పూజారి రామచంద్రమూర్తి గారు త్రాసును మండపం దూలానికి కట్టించాడు. యలమందయ్య తన పాత అనుమానం బయటపెట్టాడు. ఏ నాటి బరువు? అందులోనూ మందుతో తగ్గించుకున్న బరువు, స్వామిని మోసం చేసినట్టు కాదా? పూజారి గంట చేత్తో పట్టుకునే, నేను లెక్కల మాస్టారిని కాదు, ముందు కూర్చో అన్నాడు.

జవాబు అరుగు మీది నుంచి వచ్చింది. కోటిరత్నం చెయ్యి పట్టుకుని కూర్చున్న కోటేశ్వరమ్మ గొంతు ఎత్తింది. "ఒరేయ్, నేను కన్నది కేజీన్నర. మిగతాదంతా ఆయన పెట్టిందే. తగ్గింది ఆయన ముందే తీసుకున్నాడనుకో. ఎక్కు."

ఊళ్లోవాళ్లు పోగయ్యారు. అతను తట్టలో బాసింపట్టు వేసుకున్నాడు. బుడాన్ దిమ్మలు పేర్చసాగాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఎవరూ నవ్వలేదు. పదో దిమ్మకు తట్ట కదిలింది. పైన చిన్న అచ్చు ఒకటి, రెండు. పంచె, చొక్కా తరుగు తీసి ఒక అచ్చు దించనా అని అలవాటుగా అడిగాడు బుడాన్.

"తరుగు లేదు. మొత్తం వెయ్యి," అన్నాడు యలమందయ్య.

అతని తట్ట నేల వదిలింది. గాల్లో ఊగుతూ తల్లి వంక చూశాడు. ఆమె చేతులు చాపి, పురిటి మంచం మీద బిడ్డను అందుకోబోతున్నట్టు ఉంది. ఇరవైమూడు రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది. కానీ తూకం జరిగిన ఆ సాయంత్రం ఆమె ఎవరి సాయం లేకుండా లేచి, త్రాసు దాకా నడిచి, ముడుపు ముడి పళ్లతో విప్పింది. పావలా బిళ్ల హుండీలో పడ్డ చప్పుడు మండపమంతా వినిపించింది.

గుడ్డను మాత్రం ఆమె కొడుకు కూర్చున్న వైపు గొలుసుకు చుట్టింది. పసుపు ఎప్పుడో వెలిసిపోయి, యాభైనాలుగేళ్ల ముడి ముడతలు ఇంకా విడని ఆ పీలిక ఇప్పటికీ త్రాసుకు అలాగే ఉంది, గాలి వీచినప్పుడు ఖాళీ తట్టతో పాటు మెల్లగా ఊగుతూ.