దస్తగిరి ముఖం నా దగ్గరుంది

నేను ఒక ముసుగును. దొంగలు తగిలించుకునే రకం కాదు, రోగిని కదలకుండా పట్టి ఉంచే రకం. మొదట ఉత్త ప్లాస్టిక్ పలకను. రేడియేషన్ గదిలో టెక్నీషియన్ సువార్త నన్ను వేడినీళ్లలో మెత్తబరిచి దస్తగిరి ముఖం మీద, మెడ మీద అదిమింది. చల్లారేసరికి నేనే దస్తగిరిని. అబ్బ, ఏం బుగ్గలవి! కర్నూలు ఉల్లిగడ్డల మార్కెట్లో ఇరవై ఏళ్లు వేలంపాట పాడిన బుగ్గలు. ఇప్పుడతనికి నాలుక మొదట్లో క్యాన్సర్ గడ్డ.

నన్ను తొడిగి స్కాన్ తీశారు. ఆ బొమ్మల్లో గడ్డ చుట్టూ డాక్టరమ్మ ఎర్రగీత గీసింది. కిరణాలు ఆ గీత లోపలే పడాలి, పక్కనే స్వరపేటిక ఉంది మరి.

"గొంతు దక్కుతాదా తల్లీ?" అనడిగాడు.

"కదలకుంటే దక్కుతాది పెద్దాయనా" అంది సువార్త.

రోజూ నన్ను తొడిగి కిరణాలు పెట్టేవారు. నాలుగో వారానికి మింగుడుపడక మనిషి చిక్కిపోయాడు. నాకూ అతనికీ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. "వదులైతే చెప్పు, కొత్తది చేసి మళ్లా స్కాన్ తీయాల" అంది సువార్త. మళ్లా అంటే చికిత్సంతా మొదటి నుంచీ అనుకున్నాడు, పిచ్చి మనిషి! "ఇంగోసారి నాతో కాదు మే" అని కిరణాల బల్ల దాకా నడిపించిన భార్య హుసేనమ్మ చెవిలో గొణిగాడు.

మర్నాటి నుంచి నన్ను బిగించేటప్పుడల్లా బుగ్గలు పూరించేవాడు. సువార్త వేలితో తడిమి, సరేననుకుని, తలుపు వేసుకుని వెళ్లేది. వెంటనే ఉఫ్‌మని గాలి వదిలేవాడు. తల పక్కకు జారేది. గీత ఒకచోట, గడ్డ ఒకచోట. ఎంత అరవాలనిపించిందో! నోటి దగ్గర కన్నం పెట్టారు గాని నాకు నోరు పెట్టలేదు.

తొమ్మిది రోజులు ఇదే తంతు. పదో రోజు తీసిన బొమ్మను పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తే, గడ్డ గీత దాటి పక్కకు జరిగి ఉందని డాక్టరమ్మకు తెలిసిపోయింది. కొత్త ముసుగు, కొత్త స్కాన్, కొత్త గీత, అంతా రెండు రోజుల్లో అయిపోయింది.

"రెండు దినాలేనా? ముందే చెప్పింటే..." అన్నాడు దస్తగిరి. నిజమే, ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. మనుషులతో ఇదే గోల.

నన్ను పాత సామాన్ల గదిలో పడేశారు. ఆర్నెల్లకు అతను మళ్లీ వచ్చాడు. కిరణాలు అందని అంచున గడ్డ తిరిగి లేచిందట. గీత తప్పిన కిరణాలు తగిలి గొంతు పూర్తిగా పోయింది. "ఈయన మొగం బాగుండేటప్పటిది ఈడుందంట కదమ్మా, ఇయ్యవా" అని హుసేనమ్మ అడిగితే సువార్త నన్ను వెతికి, దుమ్ము తుడిచి ఇచ్చింది. హుసేనమ్మ ఏడుస్తూనే ఉంది.

దస్తగిరి నన్ను రెండు చేతులా పట్టుకుని ముఖానికి పెట్టుకున్నాడు. బుగ్గలు పూరించాడు. ఇంకా పూరించాడు. అవి నన్ను అందుకోలేదు.