మేనేజరుగారి చప్పట్లు

ఫోన్లలో పాటలు వినిపించే ఆ కంపెనీలో, వినడమే ఉద్యోగంగా ఉన్న మనిషి ఆమె ఒక్కతే. నెట్ సరిగా లేనిచోట కూడా పాట ఆగకుండా సాగాలంటే ఫైలును కుదించాలి. ఎంతవరకు కుదిస్తే పాట ఇంకా పాటగా మిగులుతుందో చెప్పడం ఆమె పని. అందరూ ఆమెను చెవులమ్మ అనేవారు. మేనేజరూ అలాగే పిలిచేవాడు గానీ, ఆ చెవుల మాట ఎన్నడూ వినలేదు.

ఆ పొద్దున ఆయన రెండు ఆజ్ఞలు తెచ్చాడు. పాటలన్నిటినీ ఇప్పుడున్నదాంట్లో నాలుగో వంతుకు కుదించాలి. అసలు రికార్డింగులు దాచిన డిస్కులను సాయంత్రం ఐదుకల్లా చెరిపెయ్యాలి.

"అసలువి పోతే మళ్ళీ రావు సార్. పాడినవాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు కూడా."

"ఎందుకు రావు? చిన్న ఫైలు ఉంటుందిగా! కావాలంటే దాన్నే మళ్ళీ పెద్దది చేసుకుందాం."

తిరగలిని వెనక్కి తిప్పితే పిండి గింజలవుతుందనుకునే మనిషితో ఏం వాదిస్తుంది?

"ఒక్కసారి రెండూ వినండి సార్," అని ఇయర్‌ఫోన్లు ముందుకు జరిపింది.

ఆయన వాటిని పక్కకు తోసి, ఫోన్ను బల్లమీద బోర్లించి, ఫ్యాను హోరులో, టీకప్పుమీద వేళ్ళతో దరువు వేస్తూ విన్నాడు. అసలు రికార్డింగులో పాడేమనిషి చరణం ఎత్తుకునే ముందు తీసుకున్న ఊపిరి ఉంది. కుదించినదాంట్లో ఊపిరి లేదు, వయొలిన్ నీళ్ళలో మునిగి మోగుతోంది.

"ఏముంది తేడా? రెండూ పాటే. ఆ గాలి చప్పుడు పోయిందంటావా, మంచిదే, దుమ్ము దులిపినట్టుంది!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వడం కూడా వాళ్ళ ఉద్యోగంలో భాగమే. సంగీతం తన రక్తంలో ఉందని ఆయన ప్రతి మీటింగులోనూ చెబుతాడు. ఉండే ఉంటుంది, ఎక్కడో గడ్డకట్టి. చెవిదాకా మాత్రం రాలేదు.

ఆమె కింది అంతస్తులో డిస్కుల గదికి వెళ్ళింది. వాటిని కాపలా కాసే పెద్దాయనను ఆమె బాబాయ్ అంటుంది.

"ఏమ్మా, చెవిటివాడి ముందు శంఖం ఊది వచ్చావా?"

"ఊదాను బాబాయ్. ఏ ఎముక కొరుకుతున్నావని అడిగారు."

"నేను మాత్రం ఏం చెయ్యను? ఐదింటికి మీట నొక్కమన్నారు. ఆపాలంటే ఆయన సంతకం కావాలి. అయినా చెరిగిపోకుండా ఒకటీ అరా పాటకు తాళం వెయ్యడం కుదరదు, వేస్తే డిస్కులన్నిటికీ పడాల్సిందే."

"వీటిలో పాటలేనా ఉన్నాయి?"

"మన మీటింగులూ ఉన్నాయి. పోయిన నెల సారు దంచిన ఉపన్యాసం ఉంది, వింటావా?" అని కన్నుగీటాడు.

కుదింపుకు బొత్తిగా లొంగనివి చప్పట్లని ఆమెకు తెలుసు. సూదుల్లాంటి చప్పుళ్ళు వేలకొద్దీ ఒకేసారి పడితే, చిన్న ఫైలు అన్నిటినీ మోయలేక కలిపి ముద్ద చేస్తుంది.

నాలుగింటికి పైకి వెళ్ళింది. "సార్, మీ ఉపన్యాసాన్ని కూడా కొత్త లెక్కలో కుదించాను. వింటారా?"

ఈసారి ఇయర్‌ఫోన్లు ఆయనే అందుకున్నాడు. కళ్ళు మూసుకుని, తన మాటలకు తనే తలూపుతూ విన్నాడు. చివరికి వచ్చేసరికి ముఖం మాడింది.

"ఇదేంటి, నూనెలో ఏదో వేగుతున్నట్టుంది?"

"అవి చప్పట్లే సార్."

"చప్పట్లా ఇవి! మూడొందలమంది లేచి నిలబడి కొట్టారమ్మా! దేనికది విడిగా వినపడాలి!"

"అసలుదాంట్లో వినపడతాయి సార్. ఐదింటికి చెరిపేస్తున్నారు."

"ఎవరు? ఎవరికంత ధైర్యం?"

"మీ ఆజ్ఞే సార్."

ఆయన క్షణం కూడా తడుముకోలేదు. కాగితం లాక్కుని, ఆ డిస్కుల జోలికి ఎవరూ పోకూడదని రాసి సంతకం గిలికాడు. "ఆ నాలుగో వంతు లెక్క కూడా మార్చు. చప్పట్లు చప్పట్లలా వినపడేదాకా సైజు పెంచు. నాణ్యత విషయంలో నేను రాజీపడను, తెలుసుగా?"

"తెలుసు సార్."

బాబాయ్ కాగితం రెండుసార్లు చదివి తాళం వేశాడు. పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. "గెలిచావే తల్లీ!"

ఆమెకు నవ్వు రాలేదు. ముప్పైవేల పాటలు ఒక మనిషి చప్పట్ల చాటున తలదాచుకున్నాయి. ఆ రోజు లేచి నిలబడి కొట్టినవాళ్ళలో తనూ ఉంది. ముందు వరుసలో, అరచేతులు ఎర్రబడేలా.