తొట్టి గోడలోని తీగ

మెయిన్ స్విచ్ ఆపమని నేను అడిగిన తరువాత, పూలమ్మ తొట్టి మెట్టు మీద కాలు పెట్టేలోగా, ఆ స్విచ్ ఆపడానికి అడ్డం వచ్చినది ఏమిటి? ఈ ప్రశ్నను సంఘ కమిటీ ఎదుట నిలబడి అడిగాను. పాస్టరు గారి ఇంటికి వెళ్లి అడిగాను. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్ల మీద కార్యదర్శి మైకేల్ గారు ఎదురుపడినప్పుడు మళ్లీ అడిగాను. ఎండ ఎక్కువగా ఉందని ఆయన అన్నారు.

మా ప్రార్థన మందిరం నాంపల్లి స్టేషను వైపు నుండి అబిడ్స్‌కు వచ్చే ఒక సందులో ఉంది. వేదిక వెనుక గోడ మీద ఏటా జనవరి మొదటి తేదీకల్లా ఆ సంవత్సరపు వాగ్దాన వాక్యాన్ని నీలిరంగులో, జానెడు అక్షరాలతో రాయిస్తారు. వేదిక పలకల కింద సిమెంటు తొట్టి ఉంది. బాప్తిస్మం ఇచ్చే రోజున పలకలెత్తి, తొట్టిని నీటితో నింపుతారు. తక్కిన రోజులలో అది ఖాళీగానే ఉంటుంది. తొట్టికీ పక్కనున్న చిన్న గదికీ మధ్య ఒకే గోడ.

రెండువేల ఏడులో జనం పెరిగి హాలు చాలక, స్త్రీలను ఆ పక్క గదిలోకి పంపారు. పురుషులను పంపవచ్చునన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అక్కడి నుండి వేదిక కనబడదు గనుక, హాలులో స్తంభానికి ఒక కెమెరా బిగించి, పక్క గది గోడకు పెద్ద ఎల్‌సీడీ టీవీ తగిలించాలని కమిటీ నిర్ణయించింది. కెమెరా నుండి టీవీకి వీడియో కేబుల్ లాగాలి. దగ్గరి దారి వేదిక గోడ మీదుగానే.

ఆ పని జరిగిన రోజున నేను అక్కడే ఉన్నాను. స్టేషను దగ్గరి లాడ్జిలో గదులు ఊడ్చే పూలమ్మకు పక్క గదిలో చదువు చెబుతున్నాను. బాప్తిస్మం తీసుకునేలోపు వాక్యం తానే చదువుకోవాలని ఆమె పట్టుదల. ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించిన నాకు అ ఆ లు దిద్దించడం ఆమె వల్లనే కొత్తగా అలవడింది.

కేబుల్ పనికి ట్రూప్ బజారు నుండి బాలమల్లు అనే ఆయన వచ్చాడు. గోడను చూసి అన్నాడు: "సార్, గీ అక్షరాల కిందికెళ్లి సన్నటి పట్టీ కొడ్త. సున్నం రంగుల కలిసిపోతది. ఎవ్వరికి కనబడదు."

"వాక్యం కింద పట్టీనా?" అన్నారు మైకేల్ గారు. "ఇదేమన్నా ఇరానీ హోటల్ గోడనా బాలమల్లూ, రేట్ల బోర్డు కింద వైర్లు వేలాడడానికి?"

"మరి గోడ తవ్వుమంటరా? పాతకాలం గోడ సార్ ఇది. నా డ్రిల్లు పోతది గాని గోడ పోదు."

బాలమల్లు ఖాళీ తొట్టిలోకి దిగి చూశాడు. నీరు అంచు దాటకుండా పోవడానికి పైభాగంలో పూర్వం వదిలిన తూము ఒకటి, గోడలోంచి పక్క గదిలోకి ఉంది. బయటి కాలువను ఎప్పుడో మూసివేశారు. "దారి దొర్కింది సార్," అన్నాడు సంతోషంగా. "పలకల కిందికెళ్లి దెచ్చి, గీ తూములకెళ్లి అవుతలికి లాగుత. టీవీకి కరెంటు గూడ ఇదే పైపుల పోతది."

నేను లేచి వెళ్లాను. "నీరు పోయే తూములో కరెంటు తీగా?"

"ప్లాస్టిక్ పైపుల పోతది టీచరమ్మా. నోటికాడ తెల్ల సిమెంటు కొడ్త. చీమ గూడ దూరది."

"వైరుకు అతుకు ఎక్కడ పడుతుంది?"

అతడు మైకేల్ గారి వైపు చూశాడు. "లోపలనే పడ్తది. తెచ్చిన వైరు జర తక్కువైంది. టేపు మంచిగ చుడ్త, ఫికర్ చెయ్యకున్రి."

"జిప్పోరా టీచర్ రిటైరయ్యారు గానీ క్లాసు మాత్రం వదలలేదు," అన్నారు మైకేల్ గారు. అక్కడున్న కమిటీ సభ్యులు నవ్వారు. పిల్లలు స్విచ్చులతో ఆడుకుంటారని, టీవీకి స్విచ్చే లేకుండా మెయిన్ నుండి నేరుగా కరెంటు ఇప్పించారు. మెయిన్ స్విచ్ పాస్టరు గారు అంగీ మార్చుకునే గదిలో, తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉంటుంది. తాళంచెవి మైకేల్ గారి నడుముకు ఉంటుంది.

ఆ తీగ వేశాక, ఈస్టరు ఉదయాన మొదటిసారి ఆ తొట్టిని నింపారు.

పక్క గదిలో కూర్చున్నాను. టీవీలో పాస్టరు రూఫస్ గారు తెల్ల అంగీతో నీళ్లలోకి దిగుతున్నారు. ఆయన దిగేకొద్దీ బొమ్మ మీద అడ్డంగా నల్లటి పట్టీలు పుట్టి, మెల్లగా పైకి పాకసాగాయి. ముందు రోజు ఆ పట్టీలు లేవు. టీవీ కింద గోడను చూశాను. తూము ఉన్నచోట సున్నం నల్లబడి, అరచేయంత తడి మరక పెరుగుతోంది. నీరు తూము మట్టానికి చేరిందన్నమాట. పైపులోకి చేరితే అతుకు తడుస్తుంది. అతుకు తడిస్తే తొట్టి నీటికి కరెంటు సోకుతుంది. తొట్టి మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప కమ్మి ఉంది. దాని మొదలు నేలలో ఉంది. నీళ్లలో నిలబడి కమ్మిని ముట్టుకున్న మనిషి శరీరంలో నుండే కరెంటు భూమిలోకి పోతుంది.

మైకేల్ గారు హాలు గుమ్మం దగ్గర అతిథులను కూర్చోబెడుతున్నారు.

"తూములోకి నీరు వచ్చింది. మెయిన్ ఆపించండి. ఇప్పుడే."

"ఇప్పుడా? మైకు పోతుంది, ఫ్యాన్లు పోతాయి. పక్క గదిలో ఆడవాళ్లకు ఏమీ కనబడదు. మెదక్ నుండి పెద్దలు వచ్చారు టీచర్."

"ప్రాణం పోతుంది మైకేల్ గారూ."

"పాస్టరు గారు నీళ్లలోనే ఉన్నారు కదా. ఆయనకేమైనా అయిందా? చూడండి, ఎంత ప్రశాంతంగా ఉన్నారో." గొంతు తగ్గించి అన్నారు: "బాప్తిస్మం మధ్యలో అపశకునం మాట్లాడకండి. అయ్యాక చూద్దాం."

"తాళంచెవి నాకివ్వండి."

"కూర్చోండి టీచర్ గారూ," అని ఆయన వెనుదిరిగి, అతిథి చేతికి పాటల పుస్తకం అందించారు.

బాప్తిస్మానికి వరుసలో పూలమ్మే మొదట ఉంది. తెల్లచీర, తడిసిన కళ్లు. దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను: "ఈ రోజు దిగకు. నీళ్లలో కరెంటు ఉంది."

"గట్లంటరేంది టీచరమ్మా?" ఆమె ముఖం పాలిపోయింది. "పాస్టరయ్య నిలబడ్డడు గద. ఇంతమందిల నేనొక్కదాన్నే వెనక్కి వోతే, మనసు మారిందంటరు. మా అత్త ఏమంటదో మీకెరుకనే."

"సరే. దిగితే ఆ కమ్మిని మాత్రం ముట్టుకోకు. నా మాట విను. ఏం జరిగినా ముట్టుకోకు."

"ఔ. ముట్టుకోను."

బాప్తిస్మపు పాట మొదలైంది. మా సంఘంలో ఆ పాట మొదలైతే ఆఖరి మనిషి నీళ్లలో నుండి లేచేవరకు ఎవరూ నోరు ఆపరు, చోటు వదలరు. ఆ గొంతులను తోసుకుంటూ, మెయిన్ స్విచ్ ఉన్న వెనుక గదికి వెళ్లాను. అక్కడ మందిరం కాపలా చూసే ఇజ్రాయేల్ పలకలెత్తే గునపం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ పెట్టె తాళం పగలగొట్టు."

"నా నౌకరి వోతదమ్మా."

"గునపం నాకివ్వు."

ఇచ్చాడు. ఇచ్చి గోడవైపు తిరిగాడు. "నేను జూడలేదమ్మా," అన్నాడు. నా వయసులో గునపం ఎత్తడం వేరు, సూటిగా దించడం వేరు. మొదటి దెబ్బ రేకుకు తగిలింది. రెండవది తాళం మీద నుండి జారింది. అవతల పాస్టరు గారి గొంతు మైకులో అడుగుతోంది: నమ్ముచున్నావా? పూలమ్మ గొంతు: నమ్ముతున్న. మూడవ దెబ్బకు గునపం చేతిలోంచి జారి నేలమీద పడింది.

అప్పుడు పాట మధ్యలో అరుపు వినబడింది. అది మాట కాదు. తడి మెట్టు మీద కాలు జారి ఆమె కమ్మిని పట్టుకుంది. జారుతున్న మనిషి చేతికి ఏ ఉపదేశమూ వినబడదు.

పాట ఆగలేదు. పక్క గదిలోని స్త్రీలకు అది పరిశుద్ధాత్మ ఆవేశంగా కనబడిందని తరువాత తెలిసింది. టీవీలో పూలమ్మ దేహం వణుకుతుంటే కొందరు చేతులెత్తి స్తోత్రం అన్నారు.

ఇజ్రాయేల్ తిరిగాడు. నేలమీది గునపం తీసుకున్నాడు. ఒకే దెబ్బకు తాళం ఊడింది. హాలులో లైట్లు ఆరిపోయాయి, ఫ్యాన్లు నిదానించాయి, మైకు చచ్చిపోయింది. పాట అప్పుడు గానీ ఆగలేదు.

పూలమ్మను ఉస్మానియా దవాఖానకు ఆటోలో తీసుకుపోయాము. బతికింది. కుడి అరచేయి కాలిపోయింది. బొటనవేలు, చూపుడువేలు ఇప్పటికీ కలవవు. చీపురు ఎడమచేత్తో పడుతుంది.

తరువాతి ఆదివారం ఆమెను నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. మరణపు నీళ్లలో నుండి దేవుడు లేవనెత్తాడని పాస్టరు గారే ఆమె తరఫున ఎక్కువ మాట్లాడారు. తన కాళ్లలో కూడా ఏదో జల్లుమన్నదని, దానిని ఆత్మ సంచారమనుకున్నానని అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. దేవుడు కాపాడాడని నేనూ నమ్ముతాను. ఆయన ఇజ్రాయేల్ చేత కాపాడించాడు. సంఘం ఆస్తికి నష్టం కలిగించాడని ఆ ఇజ్రాయేల్‌ను పనిలో నుండి తీసేశారు. తాళం పగలగొట్టమన్నది నేనని చెప్పాను. టీచర్ గారి వయసు దృష్ట్యా క్షమించామన్నారు.

తీగను తీయలేదు. బాలమల్లును పిలిపించి అతుకుకు కొత్త టేపు చుట్టించారు. తూము నోటికి ఇంకొంత తెల్ల సిమెంటు మెత్తారు. గోడ మీద వాక్యం చెక్కుచెదరలేదని మైకేల్ గారు అతిథులకు చూపిస్తున్నారు. మొదటిసారి మునక పూర్తికాలేదు గనుక, పూలమ్మ మళ్లీ అదే తొట్టిలో దిగాలట. వచ్చే ఆదివారం నీళ్లు నింపుతారు. ఆమె ఒప్పుకుంది. వెనక్కి పోతే మనసు మారిందంటారని ఆమెకు ఇంకా భయం.

ఇది చదువుతున్న మీరు మా సంఘం వారైనా, కాకపోయినా, నాకు మీ సానుభూతి అవసరం లేదు. ఆదివారం పలకలెత్తి నీళ్లు నింపక ముందే రండి. వేదిక మీది పలకల మీద నా పక్కన కూర్చోండి. ఆ గోడను పగలగొట్టి తీగ బయటికి తీసేవరకు, ఎవరు వచ్చి లెమ్మన్నా లేవకండి.