లెన్సు మీద సుర్మా

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ముస్తాక్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. కంటి పవరు మైనస్ ఆరు. గాలివాన వస్తే ఊళ్లో పవరు పోతుంది గానీ, ముస్తాక్ కళ్ళ పవరు మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది. పెళ్లికొడుకుగా చూస్తే అతనికి ప్లస్సులు బోలెడు. చేతిలో పనుంది, నోట్లో బీడీ లేదు, కోపమొస్తే చెక్క మీదే చూపిస్తాడు. అయినా మూడు సంబంధాలు ఆ ఒక్క మైనస్ దగ్గరే తెగిపోయాయి. సోడాబుడ్డి అద్దాల వెనక అతని కళ్ళు చింతగింజలంత కనబడతాయి మరి. మూడో పిల్ల మేనత్తయితే అద్దాలు తీయించి, రెండు వేళ్లు చూపించి ఎన్నని అడిగింది. ముస్తాక్ వేళ్ల లెక్క సరిగ్గానే చెప్పాడు. పెళ్లికూతురనుకుని సలాం మాత్రం మేనత్తకు చేశాడు.

నాలుగోది ఆత్మకూరు సంబంధం. పిల్ల పేరు గుల్షన్. తండ్రి గౌస్ మొహిద్దీన్ బస్సు డిపోలో మెకానిక్కు. ఇది కూడా తప్పితే ఇక తన దగ్గర పెళ్లి మాటే ఎత్తొద్దని ముస్తాక్ నానీకి తేల్చి చెప్పాడు. నానీ అంటే అమ్మమ్మ, షరీఫున్నీసా. అమ్మానాన్నా పోయాక అతన్ని కంటికి రెప్పలా కాచింది ఆమే. తేల్చి చెప్పాడే గానీ, గుల్షన్ పక్కకు తిరిగి దిగిన ఫొటో ఫోన్లోకి వచ్చిన రోజు నుంచి చెక్కిన ప్రతి గరిటె మీదా పువ్వే వస్తోంది.

అతని గోడు విన్నవాడు అక్రం. చిన్నప్పటి దోస్తు, వ్యాను డ్రైవరు. "ఈ జిల్లాలో కాంటాక్టులు లేకుండా ఏ పనీ కాదురా" అని నెల్లూరు తీసుకెళ్లి కాంటాక్టు లెన్సులు కొనిపించాడు. అక్కడి అమ్మాయి పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి. వాళ్లిచ్చిన మందునీళ్లతోనే కడగాలి, కుళాయి నీళ్లు తగలకూడదు, ఉమ్మి అసలు తగలకూడదు. పెట్టుకుని పడుకోకూడదు. కన్ను ఎర్రబడితే ఆ క్షణమే తీసెయ్యాలి. ముస్తాక్ అన్నిటికీ తలూపాడు. తలూపడానికి పవరు అక్కర్లేదు గదా.

ఊపినవాడు ఊపినట్టే పాటించాడు కూడా. చెక్కపొట్టు లేచేచోట లెన్సుల పెట్టె మూతైనా తియ్యలేదు. ఆ అమ్మాయి చెప్పకుండా వదిలేసింది ఒక్కటే. పాపం, ఆమెకు షరీఫున్నీసాలాంటి నానీ లేదు.

ఆ ఇంట్లో మగపిల్లవాడు మంచి పనికి బయల్దేరితే కళ్ళకు సుర్మా, అంటే నల్లటి కాటుక పొడి, లేకుండా గడప దాటడు. ఆత్మకూరు వెళ్లేరోజు ముస్తాక్ పొద్దున్నే లెన్సులు పెట్టుకుని, కొండమీది కోటగోడ రాళ్లు ఒక్కొక్కటీ లెక్కబెట్టుకుంటూ మురిసిపోతుంటే, నానీ తన పెళ్లినాటి ఇత్తడి సుర్మాదానీ పట్టుకుని వచ్చింది. లెన్సుల సంగతి ఆమెకు తెలియదు. కంట్లో అద్దం పెట్టుకున్నానంటే ఆమె స్పృహ తప్పుతుందని దాచాడు. అద్దాలేవిరా అంటే జేబులో ఉన్నాయన్నాడు. నిజానికి అవి ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఉన్నాయని అతను అనుకుంటున్నాడు. వద్దంటే ఎందుకంటుంది, ఎందుకో చెప్తే ఊరంతా వింటుంది. ముస్తాక్ నోరు మూసుకుని కళ్ళు తెరిచాడు. బిస్మిల్లా అని నానీ రెండు కళ్ళలోనూ సన్న పుల్లతో నిండా దిద్దింది.

అక్రం వ్యాను వింజమూరు దాటకముందే ముస్తాక్ ఎడమ కంట్లో ఎవరో ఉప్పు కాగితం పెట్టి రుద్దుతున్నట్టయింది. కంట్లో నలుసు పడితే ఊదేవాళ్లుంటారు. ఈ నలుసు లెన్సు కిందికి దూరి, తలుపేసుకుని లోపల కాపురం పెట్టింది. ముందు సీట్లో పక్కనున్న ముస్తాక్‌ను అక్రం ఒకసారి చూసి, వెనక కునుకు తీస్తున్న నానీకి వినబడకుండా గొణిగాడు.

"కన్ను పండుమిరపకాయ మాదిరి ఉండాది. తీసెయ్‌రా."

"తీస్తే పిల్లెవురో పిల్ల నాయనెవురో తెలీదు. మళ్లా మేనత్తకు సలాం కొట్టమంటావా?"

అక్రం గేరు మార్చాడు.

గౌస్ మొహిద్దీన్ ఇంట్లో కూర్చునేసరికి ముస్తాక్ చెంప మీద నల్లటి కాలువ పారుతోంది. మెకానిక్కు గదా, గౌస్ మొహిద్దీన్ ఆయిలెక్కడ లీకవుతోందా అన్నట్టు చూశాడు. మా పిల్లోడిది మెత్తటి మనసని నానీ సర్దిచెప్పింది. మెత్తటి మనసో, మత్తు మనసో అని గోడవారగా ఎవరో గొణిగారు. అప్పుడే గుల్షన్ షర్బత్ తెచ్చింది. ముస్తాక్ తలెత్తి నవ్వబోయాడు. ఎడమ రెప్ప దానంతటదే టక్కున వాలిపోయింది. పెళ్లికాని పిల్లకు, కన్నతండ్రి ఎదుట, కన్ను కొట్టినట్టయింది.

గౌస్ మొహిద్దీన్ లేచి నిలబడ్డాడు. గుల్షన్ పళ్లెం బల్ల మీద పెట్టి, ఆ కంటినే పట్టి చూసింది.

"లెన్సు మీద సుర్మా పెట్టించుకున్నారా?"

ఏం లెన్సని నానీ అడిగింది. లేదనొచ్చు. దుమ్ము పడిందనొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది గానీ, కంట్లో మంట దాన్ని నిలవనియ్యలేదు.

"అవునండీ. అద్దాలు చూసి అందరూ పోతా ఉండారని పెట్టుకున్నాను."

"సంబంధం పోతే ఇంకోటొస్తాది. కన్ను పోతే రాదు. లేసి చేతులు కడుక్కోండి, సబ్బుతో."

ఆ తర్వాత వసారాలో జరిగింది పెళ్లిచూపులు కావు, పోలీసు కవాతు. నాలుగడుగుల దూరంలో నిలబడి గుల్షన్ ఆజ్ఞలిస్తోంది. తుడుచుకోండి, పైకి చూడండి, రుద్దొద్దు, రెప్ప కిందికి లాగండి, లెన్సును కిందికి జరిపి వేళ్లతో మెత్తగా పట్టండి. మూడోసారికి లెన్సు ఊడి వచ్చింది, మసి అంటిన చేపపొలుసులా. రెండోదీ తీయించింది. కళ్ళల్లోంచి అవి రావడం చూసి, తన మనవడి కనుపాపలే ఊడాయనుకుని నానీ గోడకు చేరగిలబడింది.

కన్ను ఇంకా తెరుచుకోవడం లేదు. డాక్టరు దగ్గరికి ఇప్పుడే పోవాలంది గుల్షన్. రేపు చూద్దాంలెమ్మని తండ్రి అనబోతే, నాకు చూద్దాం చూద్దామనే గదా అయిందీ అంది. డిగ్రీలో ఉండగా లెన్సులతోనే నిద్రపోయి, మంటను రెండు రోజులు ఓర్చుకుందట. పుండు మానడానికి నెల పట్టింది. కుడి నల్లగుడ్డు మీద నువ్వుగింజలో సగమంత తెల్లమచ్చ మిగిలింది. అది చూసి రెండు సంబంధాలు తిరిగిపోయాయి. ఫొటో పక్కకు తిరిగి ఎందుకు దిగిందో ముస్తాక్‌కు అప్పుడర్థమైంది.

అందరూ అక్రం వ్యానెక్కారు. కంటి డాక్టరు చుక్కలు వేసి, దీపం పెట్టి చూసి, నల్లగుడ్డు మీద గీరుకుపోయిందన్నాడు. ఇంకాసేపు అలాగే ఉంచుకునుంటే సంగతి వేరేగా ఉండేదట. మందు రాసిచ్చి, ఆ లెన్సులు పారేయమని, తను చెప్పేదాకా కొత్తవి కొనొద్దని చెప్పి, మూడో రోజు మళ్లీ రమ్మన్నాడు. అయితే రెండో కంటికి సుర్మా పెట్టుకోవచ్చునా అని నానీ మర్యాదగానే అడిగింది. డాక్టరు తన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బయట బెంచీల మీద కళ్ళు మూసుకుని కూచున్నవాళ్ల మధ్య నానీ సంచిలో చెయ్యిపెట్టి సోడాబుడ్డి అద్దాలు తీసింది.

"పెట్టెలో దాచినావే, నాకు తెలీదనుకున్నావా? పెట్టుకో. చూడకుండా ఎట్టా చేసుకుంటావురా పిల్లను?"

ముస్తాక్ పెట్టుకున్నాడు. నీళ్లు కారే కంటినీ బలవంతాన తెరిచాడు. ఎదురుగా గుల్షన్. ఈసారి పక్కకు తిరగలేదు. మచ్చ కనబడింది, మచ్చ చుట్టూ మనిషీ కనబడింది. నాకు ఇష్టమేనని అతను నానీతో చెప్పాడు, బెంచీ మొత్తానికీ వినబడేటట్టు. కళ్ళు మూసుకున్న ముసలాయనొకడు మాషా అల్లా అన్నాడు.

గౌస్ మొహిద్దీన్ కూతురి వైపు చూశాడు. మూడో రోజు రమ్మన్నారు గదా, అద్దాలు పెట్టుకుని వస్తే ఒప్పుకుంటానందామె.

మూడో రోజు ముస్తాక్ మొదటి బస్సుకే ఆత్మకూరులో దిగాడు, అద్దాలతో, సుర్మా లేకుండా. వాకిట్లో గుల్షన్, ఆమె మేనత్త పక్కపక్కనే నిలబడి ఉన్నారు. ఈసారి సలాం సరైన మనిషికే చేశాడు.